నాదేముందండీ, అంతా కోటే!

నీలాద్రిపేట విశ్వవిద్యాలయంలో డాక్టర్ బెవర హైమావతి అతిథి అధ్యాపకురాలు. మన ఇళ్లలో అతిథంటే మూడో రోజుకి "ఎప్పుడు ప్రయాణం?" అన్న మాట నోటిదాకా రప్పించే మనిషి. విశ్వవిద్యాలయంలో అలా కాదు. అక్కడ అతిథి పన్నెండేళ్లున్నా అతిథే. కూర్చోమని పీట వేసేవాళ్లుండరు, లేచి పొమ్మనేవాళ్లూ ఉండరు. ప్రతి వేసవికీ ఉద్యోగం పోతుంది, తొలకరికి మళ్లీ మొలుస్తుంది. పుట్టగొడుగులదీ ఇదే పద్ధతి గాని, వాటిని పీహెచ్‌డీ ఉందా అని ఎవరూ అడగరు.

హైమావతి పాఠం చెప్పేది వస్త్రశాలలో. నీలాద్రిపేట జమీందారీ పోయినప్పుడు దొరగారి వారసులు భూములొకరు, బంగారమొకరు, వెండి కంచాలొకరు పంచుకోగా చివరికి బట్టలు మిగిలాయి. ఎవరికీ అక్కర్లేనివాటిని విశ్వవిద్యాలయానికి విరాళమివ్వడం మన దేశాచారం. అలా చెక్కపెట్టెల నిండా జరీ తలపాగాలు, ఉత్తరీయాలు, చిల్లుజేబు లాల్చీలు, ఇంకా ఒక నల్ల మఖమలు కోటు వచ్చి చేరాయి. గది తలుపు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. కొత్త విద్యార్థులు మొదటి రోజు ముక్కు మూసుకుంటారు. నెల తిరిగేసరికి ఆ వాసన తగలకపోతే వాళ్లకి తోచదు. ఇలా చెబుతుంది పాఠం మన హైమావతి.

"ఈ బొత్తాలు చూడండి. మొదట కుట్టినచోట సూది రంధ్రాలు ఇంకా కనబడుతున్నాయి. అక్కణ్ణించి ఇంత దూరం జరిగాయి. అంటే ఏమైనట్టు?"

"దొరగారికి బొజ్జ పెరిగింది మేడం!" అంది కుసుమ. ముందు వరసలో కూర్చుని, అడగకపోయినా జవాబు చెప్పే పిల్ల.

"సరే, ఎప్పుడు పెరిగింది? ఈ దారం పట్టుకుని చూడు. పాత దారం చేత్తో వడికింది, ఇది మిల్లు దారం. మిల్లు దారం ఈ ఊళ్లోకి మొదట వచ్చింది పెద్ద కరువు ఏడాది. ఊరంతా గంజికి ఏడుస్తుంటే ఇక్కడ బొత్తాలు జరిగాయి."

అప్పుడు కోటు మడత మెల్లగా తిప్పి లోపలి అస్తరు చూపించేది. అస్తరు చిరిగినచోట ఒక ఎర్రటి పాతచీర ముక్క, దాని చుట్టూ చీమబారులాంటి సన్నటి కుట్లు.

"ఇది దర్జీ కుట్టు కాదు. దర్జీలు ముడి దాస్తారు. ఇక్కడ ముడి పైకే ఉంది. ఇంట్లో ఎవరో ఆడమనిషి తన చీర చింపి కుట్టింది. బయటికి మఖమలు, లోపల పాతచీర. జమీందారీ ఎంత బలంగా ఉందో ఇప్పుడు మీరే చెప్పండి."

పిల్లలు కొట్టుకుని మరీ చెప్పేవారు. అదీ ఆమె విద్య. ఆ విద్య మీద ఒక శాశ్వతోద్యోగం వస్తే చాలునని పన్నెండేళ్లుగా ఎదురుచూస్తోంది. ఆ ఏడు నిజంగానే వచ్చింది. వస్త్రశాలకు ఒకే ఒక్క శాశ్వత అధ్యాపక పదవి మంజూరైంది.

"పోస్టు మీదేనమ్మా. మీరు తప్ప అర్హులెవరున్నారు?" అన్నాడు రిజిస్ట్రార్ కోటిలింగం. "నాణ్యతా సంఘం వారు వచ్చి మీ పాఠం విని, ఇక్కడ బోధిస్తున్నది ఫలానా అని ఒక్క ముక్క ధ్రువీకరిస్తే, ఆ ఫలానా వారికి పదవి సంక్రమిస్తుంది. కేవలం లాంఛనం."

లాంఛనాల వల్ల మునిగిన కొంపలెన్నో ఆయనకీ తెలియదు, ఈమెకీ తెలియదు.

నాణ్యతా సంఘం గురించి రెండు ముక్కలు చెప్పాలి. పూర్వం వాళ్లు కాగితాలు చూసి మార్కులు వేసేవారు. దాంతో విశ్వవిద్యాలయాలన్నీ చదువు చెప్పడం మాని కాగితాలు చెయ్యడంలో పడ్డాయి. సంఘం వారు విసిగి వేసారి ఒక కొత్త సూత్రం కనిపెట్టారు. ఎవరైనా తన లాభానికి చెప్పుకున్న మాట సాక్ష్యం లేనిదే నమ్మరాదు. తన నష్టానికి చెప్పుకున్న మాటకి సాక్ష్యమే అక్కర్లేదు, అన్న క్షణంలో అది సత్యం, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. లాభం కోసం అబద్ధమాడేవాళ్లు లోకం నిండా ఉన్నారు గాని, నష్టం కోసం అబద్ధమాడే వెర్రివాడెవడుంటాడు? వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఇది రాసినవాడెవడో గాని, జన్మలో తెలుగువాళ్లింట్లో భోంచేసి ఉండడు.

ఎందుకంటారా? వంకాయ కూర అమృతంలా ఉందమ్మా అంటే మన ఇల్లాలు ఏమంటుంది? "ఏదో లెండి, ఇవాళ ఉప్పు చాల్లేదు" అంటుంది. చీర బాగుందంటే "పాతదే" అంటాం. పిల్లాడికి మొదటి ర్యాంకొస్తే "గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడిందండీ" అంటాం. కాదు, నిజంగానే బాగుంది అని ఒప్పుకున్న మనిషిని వీధి చివరిదాకా వేలెత్తి చూపిస్తాం. హైమావతి తల్లి నాగరత్నమ్మ కూతురికి ఉగ్గుతోపాటే ఇదీ పోసింది. "ఎవరైనా మెచ్చుకుంటే నాదేముందండీ అనాల, తెలిసిందా? గొప్పలు సెప్పుకున్న ఆడపిల్లని పందిట్లో కుర్చీ ఎక్కినట్టు సూస్తారు."

సంఘం అధ్యక్షుడు ఆచార్య భీమశంకరం. చిన్నతనంలోనే ఉత్తరాదికి వెళ్లిపోయి, తెలుగు మాటలు గుర్తుంచుకుని తెలుగు మర్యాదలు మరిచిపోయినవాడు. మెడలో చిన్న రికార్డరు వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా తన నష్టానికి మాట్లాడబోతున్నారని తోచగానే ఆయన వేలు మీట మీదకి పోతుంది, ఎర్రదీపం వెలుగుతుంది.

ఆయన వచ్చాడు, కూర్చున్నాడు, బొత్తాల కథ విన్నాడు. చీరముక్క దగ్గరికి వచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంతటి పాఠం వినలేదు. అద్భుతం!"

హైమావతికి కళ్లు చెమ్మగిల్లాయి. పన్నెండేళ్లలో ఆ మాట అన్న మొదటి పెద్దమనిషి. పులకించిపోయి, చేతులు జోడించి, తల్లి నేర్పిన మాట అనేసింది.

"అబ్బే, నాదేముందండీ! పాఠమంతా ఈ కోటే చెబుతుంది."

ఎర్రదీపం వెలిగింది.

"అంటే, ఇందులో మీ పాత్ర?"

"నేనెంతటిదాన్నండీ! పెట్టెలోంచి తీస్తాను, మళ్లీ పెట్టెలో పెడతాను. అంతే."

"ధ్రువీకరిస్తున్నారా?"

"నూటికి నూరుపాళ్లూ కోటుదేనండీ!" అంది హైమావతి, మర్యాదలో లోటు రాకూడదని.

వెనకాల కుసుమ నెత్తి కొట్టుకుంది. దీపం ఆరిపోయింది.

పక్షం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కోటిలింగం కుర్చీలో సర్దుక్కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వస్త్రశాల యందు బోధన యావత్తూ నల్ల మఖమలు కోటు వారిచే నిర్వహింపబడుచున్నట్లు సంబంధిత అతిథి అధ్యాపకురాలు స్వయముగా ప్రకటించినందున, సదరు శాశ్వత పదవి యందు సదరు కోటు వారిని నియమించడమైనది. సదరు అతిథి ఈ విద్యాసంవత్సరాంతము వరకు కోటు వారిని పెట్టెలోనుంచి తీయుట, పెట్టెలో పెట్టుట అను విధులలో కొనసాగును. అటుపై ఆమె సేవలు అవసరం లేదు."

"అది మర్యాదకన్న మాటండీ!"

"కావచ్చమ్మా. కాని ఫారంలో మర్యాద అనే కాలమ్ లేదు."

"కోటుకి ఉద్యోగమేమిటండీ? నవ్విపోతారు!"

"నవ్వుటకు కూడా కాలమ్ లేదు," అన్నాడు కోటిలింగం. ఆయన పెదవి మీద చిరునవ్వన్నది లేదు. ఎదుటివాళ్లకి కోపమొస్తే తిట్టడానికి కూడా పట్టు దొరకని మనిషి ఆయన.

ఇంటికి వెళ్లి చెబితే నాగరత్నమ్మ చేతిలో చేట వదిలేసింది.

"ఏటే హైమా, కోటుకి ఉద్యోగమిచ్చీసినారా? అణకువగా ఉండమన్నాను గాని, అంత అణకువగా ఉండమన్నానేటే?"

"నువ్వే కదే నేర్పావు!"

"నానేదో పెళ్లిసూపులకని నేర్పినాను. ఉద్యోగాలకి కూడా వాడేస్తావనుకున్నానా?"

వీసీ విశ్వంభరం గారికి మాత్రం ఉత్తర్వు చూసి ఒళ్లు గగుర్పొడిచింది. నీలాద్రిపేటకి ఇంతవరకు ఏ విషయంలోనూ ప్రథమ స్థానం రాలేదు. ఇప్పుడు ప్రపంచంలోనే తొలి వస్త్రాచార్యుడు తమ దగ్గరున్నాడు. ఆయన తక్షణం సభ పెట్టి, "వస్త్రకేంద్రిత, స్పర్శాతీత, బహుముఖీన బోధనా విప్లవం" అన్నాడు. అంటే ఏమిటని అడిగే ధైర్యం ఎవరికుంది? చప్పట్లు కొట్టారు.

కోటు గారు దశమి నాడు ఉద్యోగంలో చేరారు. అటెండరు దాలినాయుడు హ్యాంగరు పట్టుకుని ముందు నడిచాడు, కోటిలింగం వెనక నడిచాడు. హాజరు యంత్రం దగ్గర చిక్కొచ్చి పడింది. కోటుకి వేలిముద్ర లేదు. ముఖం చూపిద్దామంటే ముఖమూ లేదు. ఏదైతే అదవుతుందని దాలినాయుడు కోటుని యంత్రం ముందు ఆడించాడు. మూడో బొత్తాన్ని చూసి యంత్రం "ధన్యవాదములు" అంది. పన్నెండేళ్లుగా హైమావతి ముఖం చూసి "మళ్లీ ప్రయత్నించండి" అంటున్న యంత్రమే అది.

"సూసినారా అమ్మగారూ," అన్నాడు దాలినాయుడు, "మనిసికంటే బొత్తాం నయమని మిసనుకి కూడా తెలిసిపోనాది."

తరగతులు మొదలయ్యాయి. వేదిక మీద స్టాండుకి కోటు. మూలన స్టూలు మీద హైమావతి. పిల్లలు కోటు వంక చూశారు, కోటు పిల్లల వంక చూసిందో లేదో తెలియదు. గంట గడిచింది. కుసుమ చెయ్యెత్తింది.

"సార్," అంది కోటుతో, "చేతి అంచు మీద ఆ మరకేంటండీ?"

కోటు ఏమీ అనలేదు. హైమావతికి నాలుక దురద పెట్టింది. అది చారు మరక. దొరగారు కోటు విప్పకుండా భోంచేశారంటే ఎవరి బంతిలో కూర్చున్నారో, ఎందుకంత తొందరో, దానిమీద గంటసేపు చెప్పొచ్చు. ఉండబట్టలేక, "చారు మరకమ్మా" అంది.

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. గురువుగారు బోధించుచుండగా సహాయకురాలు మధ్యలో మాట్లాడుట క్రమశిక్షణారాహిత్యమని, మరొకసారి ఇట్లు జరిగిన యెడల సంవత్సరాంతము వరకు ఆగుట కూడా జరగదని.

విద్యార్థులు వెళ్లి వీసీ గారితో మొర పెట్టుకున్నారు. కోటు మాట్లాడటం లేదన్నారు. ఆయన జాలిగా నవ్వాడు.

"నాయనలారా, చెట్టు కింద గురువు మౌనంగా కూర్చుంటే చుట్టూ ఉన్న శిష్యుల సందేహాలన్నీ తీరిపోయాయని మన పెద్దలు చెప్పలేదా? మీ సందేహాలు తీరలేదంటే లోపం మీలో ఉందన్నమాట."

ఇక ఆ విప్లవం విశ్వవిద్యాలయమంతా పాకింది. మిగతా శాఖలు మాకూ బట్టలు కావాలని ఎగబడ్డాయి. భౌతికశాస్త్రం వారు జరీ తలపాగా పట్టుకుపోయారు. తలపాగా పాఠం చెబుతూంటే ఆచార్యుడు ఊళ్లో కట్టుకుంటున్న ఇంటికి స్లాబు పోయించుకున్నాడు. అర్థశాస్త్రం వారికి చిల్లుజేబు లాల్చీ దక్కింది. రాజనీతిశాస్త్రం వారు ఉత్తరీయాన్ని ఏరికోరి తీసుకున్నారు, గాలి ఎటు వీస్తే అటు ఎగురుతుందని. తత్త్వశాస్త్రం వారు మాకు ఖాళీ పెట్టె చాలన్నారు. తలుపులన్నీ తెరిచి ఉంటున్నాయి, తరగతులన్నీ నిశ్శబ్దంగా జరుగుతున్నాయి. ఇంత ప్రశాంతమైన విశ్వవిద్యాలయం దేశంలో మరొకటి లేదని పత్రికలవాళ్లు ఫోటోలు వేశారు. ఏడ్చింది ఒక్క హైమావతి. పెట్టెలోంచి తీసి ఇచ్చిన ప్రతి గుడ్డా ఆమె ఒళ్లో పెంచిన బిడ్డ. ఎక్కడ ఎండ తగులుతుందో, ఎవడు మేకు కొడతాడో అని రోజంతా శాఖల చుట్టూ తిరుగుతూండేది.

అంతటితో ఆగితే బాగుండును. కోటిలింగం సీనియారిటీ లెక్క తీశాడు. ఎవరు ముందు పుట్టారో వాళ్లు పెద్ద. కోటు కుట్టినప్పటికి విశ్వవిద్యాలయంలో ఎవరి తాత కూడా బడికి వెళ్లలేదు. కనక కోటు గారు శాఖాధ్యక్షులయ్యారు. నెల తిరిగేసరికి డీన్ అయ్యారు. సమావేశాల్లో ఒక కుర్చీ మీద నిటారుగా కూర్చునేవారు. ఎవరి మాటకీ అడ్డు చెప్పేవారు కాదు, టీ మీద టీ అడిగేవారు కాదు. ఇంత మంచి డీన్‌ని ఎన్నడూ చూడలేదని అందరూ మనసారా అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, అందులో అబద్ధమేమీ లేదు.

ఒకనాడు దాలినాయుడు కోటు ముందు నిలబడి సెలవడుగుతూంటే హైమావతి చూసింది.

"ఏమన్నారు నాయుడూ, మీ డీన్ గారు?"

"ఏటీ అనలేదమ్మా. మవునం అర్దాంగీకారమన్నారు కదా."

"అర్ధమే కదా మరి?"

"అందుకే ఒంటిపూటే ఏసుకుంతన్నాను," అన్నాడు దాలినాయుడు, గొడుగు తీసుకుని.

హైమావతి నవ్వింది. ఆ ఏడాదిలో నవ్వింది ఆ ఒక్కసారే. వేసవి దగ్గరికొస్తోంది. తొలకరికి మొలవడానికి ఈసారి ఆమెకి చోటు లేదు. ఈ ఉద్యోగం పోతే పోయింది, ఎక్కడో ఒక బళ్లో చేరొచ్చు. కాని ఆ బొత్తాలు, ఆ చీరముక్క? రేపట్నించి వాటి సంగతి ఎవరికీ తెలియదు.

అప్పుడు ఆడిట్ వారు వచ్చారు. ఉద్యోగుల వయసులు చూసుకుంటూ పోయి కోటు దగ్గర ఆగిపోయారు. అరవై దాటిన వారు కొలువులో ఉండరాదు. కోటు గారు అరవై దాటి రెండు తరాలైంది. కోటిలింగానికి చెమటలు పోశాయి. పొడిగింపు ఇద్దామంటే నిబంధన లేదు. విశ్వంభరం గారు మాత్రం తొణకలేదు.

"విరమింపజేద్దాం. కాని ఘనంగా. ఆ భీమశంకరం గారినే పిలుద్దాం. పదవీ విరమణ సన్మానాలకి మనకు మనమే సాటి."

అది మాత్రం ముమ్మాటికీ నిజం. పెద్ద హాలు కిటకిటలాడింది. వేదిక మధ్య సింహాసనంలాంటి కుర్చీలో కోటు గారు. అటు వీసీ, ఇటు భీమశంకరం. కింద ముందు వరసలో నాగరత్నమ్మ, కూతురి ఉద్యోగం తిన్న మహానుభావుణ్ణి ఒకసారి కళ్లారా చూద్దామని వచ్చింది. వెనకాల విద్యార్థులు. హైమావతి వేదిక మెట్ల దగ్గర నిలబడింది, పెట్టెలో పెట్టాల్సింది ఆమే కనక.

మొదట దండ వేశారు. తరవాత శాలువా కప్పారు. కోటు మీద శాలువా కప్పితే కోటు ఎవరికీ కనబడలేదు, అయినా చప్పట్లు కొట్టారు. ఆపైన కోటిలింగం వెండి పన్నీరుబుడ్డి అందుకున్నాడు.

హైమావతి మెట్లెలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఒక్క అంగలో వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది.

"నీళ్లు పడితే మఖమలు పోతుందండీ! ఇన్నేళ్లూ ఎలకల్ని తట్టుకుంది, చెదల్ని తట్టుకుంది. మీ సన్మానాన్ని తట్టుకోలేదు!"

హాలంతా గొల్లుమంది. కోటిలింగం బుడ్డి కింద పెట్టాడు. విశ్వంభరం గారు నవ్వేసి, సభని దారిలో పెడదామని మైకు ముందుకి వచ్చాడు. సన్మాన సభలో మైకు దొరికిన తెలుగువాడికి వినయం వరదలా వస్తుంది.

"ఈ కోటు గారి ముందు నేనెంత! ఈ విశ్వవిద్యాలయానికి నేను చేసింది ఏముంది? శూన్యం! అంతా ఆ కుర్చీ మహిమ. కుర్చీ నడిపింది, నేను కూర్చున్నాను. నేను కేవలం నిమిత్తమాత్రుణ్ణి."

ఎర్రదీపం వెలిగింది.

హైమావతి చూసింది. మొదటి వరసలో నాగరత్నమ్మ కూడా చూసింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్వంభరం గారొక్కరే చూడలేదు.

"ధ్రువీకరిస్తున్నారా?" అన్నాడు భీమశంకరం, ఎంతో మెత్తగా.

"సందేహమేముందండీ! నూటికి నూరుపాళ్లూ కుర్చీదే!"

దీపం ఆరింది. భీమశంకరం లేచి నిలబడ్డాడు. "ఉపకులపతి వారు స్వయంగా ప్రకటించినందున, నేటినుంచి ఉపకులపతి పదవి కుర్చీ వారికి సంక్రమిస్తుంది. శ్రీ విశ్వంభరం కుర్చీ వారిని తుడుచు విధులలో అతిథిగా కొనసాగుతారు."

విశ్వంభరం గారి ముఖం తెల్లబారింది. "అయ్యయ్యో! అది మర్యాదకన్న మాటండీ!"

"మర్యాద అనే కాలమ్ లేదు సార్," అన్నాడు కోటిలింగం, అలవాటుకొద్దీ. అని నాలుక కరుచుకుని, ఇక తను నోరు విప్పితే ఫైళ్లకే రిజిస్ట్రారు పదవి వెళ్లిపోతుందేమోనని రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు.

భీమశంకరం హైమావతి వైపు తిరిగాడు. "అమ్మా, కోటు గారు విరమించారు. ఇకపై వస్త్రశాలలో పాఠం ఎవరు చెబుతారు?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నోట ఆడిన మాట గొంతులోకి వచ్చేసింది. నేనెంతటిదాన్నండీ అనేదే. తల్లి వంక చూసింది. నాగరత్నమ్మ కొంగు తీసి, "సెప్పవే!" అని కసిరింది, హాలంతా వినబడేలా.

"నేనండీ," అంది హైమావతి. "ఇదివరకూ నేనే చెప్పాను. కోటు ఏనాడూ ఒక్క ముక్క చెప్పలేదు. ఆ బొత్తాలు చదివింది నేను. ఆ దారం ఏదో తెలుసుకోవడానికి మూడు జిల్లాలు తిరిగింది నేను. ఆ చీరముక్క కుట్టిన మనిషెవరని నిద్ర మానుకున్నదీ నేనే. బాగా చెబుతాను. నా అంత బాగా చెప్పేవాళ్లు ఇక్కడ లేరు."

అనేశాక చెవులు ఎర్రబడ్డాయి. నడివీధిలో కొంగు జారినంత సిగ్గేసింది.

భీమశంకరం విచారంగా తలూపాడు. "ఇది తమ లాభానికి చెప్పిన మాటమ్మా. సాక్ష్యం లేనిదే చెల్లదు."

అంతా అయిపోయిందనుకుంది హైమావతి. అప్పుడు వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. కుసుమ లేచింది.

"సార్, మాదో మాటుంది. కోటు గారి దగ్గర ఏడాదంతా కూర్చున్నాం. ఒక్క ముక్క రాలేదు సార్ మాకు. ఉత్త మొద్దులం. పరీక్ష పెడితే సున్నా తెచ్చుకుంటాం."

"నేనూ మొద్దునే సార్!" అని ఇంకొకడు లేచాడు.

"నేను మొద్దుల్లో మొద్దుని సార్!"

వరసలు వరసలుగా లేచారు. భౌతికశాస్త్రం వాళ్లు తలపాగా దగ్గర ఏమీ నేర్వలేదన్నారు, అర్థశాస్త్రం వాళ్లు లాల్చీ దగ్గర నేర్చింది నిద్రే అన్నారు. ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. భీమశంకరం వేలు నొప్పెట్టి చెయ్యి మార్చుకున్నాడు.

"విద్యార్థుల ప్రకటన వారికే నష్టదాయకం. కనక సత్యం. ఒక్కరి నష్టం కన్నా ఇందరి నష్టం బరువు," అన్నాడు చివరికి. "కోటు వారు బోధించలేదని రుజువైంది. మరి నేను కళ్లు తుడుచుకున్న ఆ రోజున పాఠం చెప్పిందెవరు? ఆ బల్ల దగ్గర కోటు కాక మరొక్కరే ఉన్నారు." ఆయన హైమావతికి నమస్కారం పెట్టాడు. "పదవి మీదమ్మా."

నాగరత్నమ్మ ముందు వరసలోనే ఏడ్చేసింది. హైమావతి ఏడవలేదు, పరుగున వెళ్లి ముందు కోటు మీదనుంచి ఆ దండ తీసేసింది, పూల తడి తగులుతోందని.

ఆ తొలకరికి వస్త్రశాల తలుపులు తీశారు. అన్ని శాఖలనుంచీ తిరిగొచ్చిన బట్టల్ని హైమావతి ఒక్కొక్కటే దులిపి, మేకుల చిల్లులు చూసి నలుగురు వినేలా తిట్టి, పెట్టెల్లో సర్దింది. అవతలి భవనంలో విశ్వంభరం గారు రోజూ కుర్చీ తుడుస్తున్నారని, ఆ కుర్చీ హయాంలో ఫైళ్లు కాస్త త్వరగానే కదులుతున్నాయని చెప్పుకుంటున్నారు.

మొదటి రోజు పాఠం బొత్తాలతో మొదలై చీరముక్క దగ్గర ముగిసింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. కుసుమ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఎంత బాగా చెప్పారు మేడం!"

"అబ్బే, నాదే..." అంది హైమావతి. అని ఆగిపోయింది. తలుపు దగ్గర దాలినాయుడు చెంప మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. కోటు స్టాండు మీద, ఎప్పటిలాగే, ఏమీ అనకుండా ఉంది.

"అవునమ్మా," అంది హైమావతి. "బాగానే చెప్పాను."